ఏ తెరకు తగ్గ బొమ్మ ఆ తెరకు

1993 ఫిబ్రవరి 25న అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం సూపర్‌ కంప్యూటింగ్ కేంద్రంలో పనిచేస్తున్న మార్క్ ఆండ్రీసన్ ఒక చిన్న ప్రతిపాదన పెట్టారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఒకటి. వెబ్ పేజీలో అక్షరాల మధ్యే బొమ్మ కనబడేలా ‘ఐఎంజీ’ అనే కొత్త ట్యాగ్ ఉండాలి, అందులో బొమ్మ చిరునామా రాస్తే చాలు అన్నది దాని సారాంశం. వెబ్‌ను పుట్టించిన టిమ్ బెర్నర్స్ లీ, ఉన్న లింకు ట్యాగ్‌నే ఇందుకు వాడుకోవచ్చన్నారు. బొమ్మ ఒక్కటే ఎందుకు, దేన్నైనా పేజీలో పొదిగేలా చూద్దాం అన్నవాళ్లూ ఉన్నారు. ఆ చర్చ తేలకముందే ఆండ్రీసన్ బృందం తమ మొజాయిక్ బ్రౌజర్‌లో ఐఎంజీని పెట్టేసింది. జనం అందుకున్నారు. ఇక దాన్ని మార్చడం ఎవరి తరమూ కాలేదు.

ఆ తొందరను నేను తప్పుపట్టను. బొమ్మలు లేకుండా వెబ్ ఇంత త్వరగా ఇళ్లలోకి వచ్చేదని అనుకోలేం. కాకపోతే ఆ ట్యాగ్‌లో ఒక బొమ్మకు ఒకటే చిరునామా. చూసేవాళ్ల తెర ఎంత ఉన్నా, నెట్ ఎంత నెమ్మదిగా ఉన్నా దిగేది అదే ఫైలు. అప్పట్లో తెరలన్నీ కాస్త అటూ ఇటూగా ఒకే కొలతవి కాబట్టి ఇదొక లోటని ఎవరికీ తోచలేదు. ఇరవై ఏళ్లు తిరగకముందే ఆ ఒక్క చిరునామా దగ్గరే పేచీ మొదలైంది.

2010 మే 25న ఈథన్ మార్కాట్ ‘ఎ లిస్ట్ ఎపార్ట్’ పత్రికలో ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అనే వ్యాసం రాశారు. ఐఫోన్ వచ్చి అప్పటికి మూడేళ్లు. కంప్యూటర్‌కు ఒక సైటు, ఫోనుకు ఇంకో సైటు అని సంస్థలు రెండేసి నడుపుకుంటున్న రోజులవి. ఒకటే చాలు అన్నారు మార్కాట్. కొలతలు శాతాల్లో పెట్టండి, బొమ్మల్ని సాగేలా కుంచించుకునేలా చేయండి, తెర వెడల్పును బట్టి అమరిక మార్చండి అన్నారు. బొమ్మల కోసం ఆయన ఇచ్చిన కిటుకు ఒకే ఒక్క లైను: గరిష్ఠ వెడల్పు నూరు శాతం. ఆ లైను రాస్తే బొమ్మ తన గడి దాటి బయటికి పోదు. తెర చిన్నదైతే తానూ చిన్నదవుతుంది.

చిన్నదయ్యేది కంటికి మాత్రమే. 2000 పిక్సెళ్ల వెడల్పు, 1500 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఫొటో ఒకటి తీసుకుందాం. మొత్తం 30 లక్షల పిక్సెళ్లు. అప్పటి ఫోను తెర వెడల్పు 320. అంత వెడల్పులో ఈ ఫొటో 320 బై 240, అంటే 76,800 పిక్సెళ్లు. కావలసినదానికి 39 రెట్ల సరుకు దిగింది. నష్టం దిగుమతితో ఆగదు. జేపెగ్‌గా కుదించి ఉన్న ఆ ఫైలును ఫోను విప్పాలి. విప్పాక పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున కోటీ ఇరవై లక్షల బైట్లు మెమరీలో కూర్చుంటాయి. అప్పుడు మళ్లీ దాన్ని కుదించి తెర మీద గీయాలి. పేజీ పైకీ కిందికీ జరుపుతుంటే పాత ఫోన్లు తడబడటానికి ఇదొక ముఖ్య కారణం.

మన దగ్గరైతే ఇది డబ్బు లెక్క కూడా. 2016లో జియో రాకముందు ఒక జీబీ మొబైల్ డేటా రెండు వందల రూపాయలు దాటి ఉండేది. బస్టాండులో నిలబడి పరీక్ష ఫలితం చూసుకునే కుర్రాడు తన నంబరుతో పాటు ఆ పేజీ నెత్తిన ఉన్న బ్యానరు ఫొటోకూ తన జేబులోంచే కట్టాడు. ఆ ఫొటో అతను అడగలేదు. బహుశా చూడనూ లేదు. ఈ కథలో నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్న సంగతి ఇదే.

ఇంతలో ఎదురు దిక్కు నుంచి ఇంకో చిక్కు వచ్చిపడింది. 2010 జూన్‌లో ఐఫోన్ 4 వచ్చింది. పేజీ రాసేవాళ్ల లెక్కలో దాని తెర వెడల్పు ముందటిలాగే 320. తెర మీద నిజంగా ఉన్న పిక్సెళ్లు 640. అంగుళానికి 326 పిక్సెళ్లంత దట్టమైన తెర. అక్షరాలు అచ్చు పుస్తకంలో ఉన్నంత నున్నగా కనబడితే, పాత కొలతల బొమ్మలు వాటి పక్కన మసకబారి కనబడ్డాయి. అంటే ఇదివరకు చిన్న తెరకు పెద్ద బొమ్మ పంపడం తప్పయితే, ఇప్పుడు చిన్న తెరకు చిన్న బొమ్మ పంపడమూ తప్పే అయింది. 2012 మార్చిలో 2048 బై 1536 పిక్సెళ్ల ఐప్యాడ్ వచ్చినప్పుడు ఆపిల్ తన సొంత సైటులో మామూలు బొమ్మల్ని ముందు దింపి, ఆ తర్వాత స్క్రిప్టు సాయంతో పెద్దవాటిని మళ్లీ దింపింది. జేసన్ గ్రిగ్స్‌బీ అనే డెవలపర్ దాన్ని విప్పి చూస్తే, అర మెగాబైటు పేజీ కాస్తా రెండు మెగాబైట్లు దాటిపోయింది. పరికరాన్ని తయారు చేసినవాళ్ల దగ్గరే దానికి తగ్గ బొమ్మ పంపే సరైన దారి లేదన్నమాట.

ఆ దారి కోసం అందరికంటే ముందు గట్టిగా ప్రయత్నించింది ఒక వార్తాపత్రిక. బోస్టన్ గ్లోబ్ 2011 సెప్టెంబరులో మార్కాట్ పద్ధతిలో కొత్త సైటు తెచ్చింది. అంత పెద్ద సంస్థ ఈ పద్ధతికి రావడం అప్పట్లో పెద్ద విశేషం. మార్కాట్‌తో పాటు ఫిలమెంట్ గ్రూప్‌కు చెందిన స్కాట్ జెల్, మ్యాట్ మార్క్విస్ అందులో పనిచేశారు. వాళ్ల ఏర్పాటు ఇలా ఉండేది: పేజీలో రాసేది చిన్న బొమ్మ చిరునామా, పేజీ తలభాగంలో ఒక చిన్న స్క్రిప్టు తెర వెడల్పు చూసుకుంటుంది, తెర పెద్దదైతే బొమ్మలు అడిగే లోపే సర్వర్‌కు పెద్దవి పంపమని కబురు అందేలా చేస్తుంది. స్క్రిప్టు నడవని ఫోనైనా చిన్న బొమ్మతో గట్టెక్కుతుంది. పేదవాడి ఫోనును మొదట తలుచుకుని కట్టిన ఏర్పాటు అది. నాకు దాని మీద గౌరవం.

కానీ అది నిలబడలేదు. చెడగొట్టింది బ్రౌజర్ల వేగం.

2008 ప్రాంతం నుంచి బ్రౌజర్లు ఒక కొత్త విద్య నేర్చాయి. అంతకుముందు దారిలో స్క్రిప్టు ఎదురైతే అది దిగి, నడిచి, ముగిసేదాకా బ్రౌజర్ ఆగిపోయేది. ఆ ఖాళీ సమయంలో మిగతా పేజీని గబగబా తడుముకుంటూ పోయి, కనబడిన చిరునామాలన్నిటికీ ముందే అభ్యర్థనలు పంపే ఒక సహాయకుణ్ణి బ్రౌజర్లలో పెట్టారు. దాన్ని ప్రీలోడర్ అంటారు. పొయ్యి వెలిగించకముందే సరుకుల చీటీ చూసి కుర్రాణ్ణి కొట్టుకు తరిమేసే ఇల్లాలి లాంటిది అది. ఏ వంట, ఎంతమందికి అన్నది ఆ క్షణంలో దానికి పట్టదు. పేజీలు గణనీయంగా వేగం పుంజుకున్నాయి. ఆ వేగంలో బోస్టన్ గ్లోబ్ స్క్రిప్టు వెనకబడిపోయింది. అది తెర కొలిచే లోపే చిన్న బొమ్మలకు అభ్యర్థన వెళ్లిపోయేది, తర్వాత పెద్దవాటికి ఇంకోసారి వెళ్లేది. ఆదా చేయడానికి కట్టిన ఏర్పాటు రెండు బొమ్మలు దింపింది. 2012 జనవరి చివర్లో మార్క్విస్ ఈ కథంతా ‘ఎ లిస్ట్ ఎపార్ట్’లో రాసి, ఇది స్క్రిప్టులతో తెమిలేది కాదు, హెచ్‌టీఎంఎల్‌లోనే కొత్త ట్యాగ్ కావాలని తేల్చి చెప్పారు.

ఆ మరుసటి నెలలోనే వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దగ్గర రెస్పాన్సివ్ ఇమేజెస్ కమ్యూనిటీ గ్రూప్ ఏర్పడింది. మార్క్విస్ దానికి పెద్ద. చేరినవాళ్లలో చాలామంది బ్రౌజర్లు తయారు చేసేవాళ్లు కారు; రోజూ సైట్లు కట్టి బతికేవాళ్లు. వాళ్లు కోరింది ‘పిక్చర్’ అనే ట్యాగ్. వీడియో ట్యాగ్‌లో పలు ఫైళ్లు ఇచ్చినట్టే ఇందులో పలు బొమ్మలు ఇచ్చి, ఫలానా వెడల్పు దాటితే ఫలానాది అని షరతు రాయడం.

మే నెలలో కథ అడ్డం తిరిగింది. ఆపిల్‌కు చెందిన ఎడ్వర్డ్ ఓకానర్ వేరే సూచన చేశారు: కొత్త ట్యాగ్ ఎందుకు, ఐఎంజీకే ‘సోర్స్‌సెట్’ అనే జాబితా తగిలించి, ఇది మామూలు తెరకు, ఇది రెట్టింపు సాంద్రత తెరకు అని రాస్తే సరిపోతుంది కదా అని. హెచ్‌టీఎంఎల్ ప్రమాణాన్ని రాస్తున్న ఇయాన్ హిక్సన్ కొద్ది రోజుల్లోనే దాన్ని ప్రమాణంలో చేర్చేశారు. నెలల తరబడి కూర్చుని పిక్చర్‌ను తీర్చిదిద్దుకున్నవాళ్లకు కడుపు మండింది. మమ్మల్ని గ్రూపుగా ఏర్పడమన్నారు, తీరా మా మాట పట్టించుకోరా అన్న కోపం అది. న్యాయమైన కోపమే.

కోపం పక్కన పెట్టి చూస్తే, రెండు పక్షాలూ రెండు వేర్వేరు కష్టాల గురించి మాట్లాడుతున్నాయి. కార్ల కర్మాగారంలో ఒబామా ప్రసంగిస్తున్న ఫొటోను అప్పట్లో ఉదాహరణగా చూపేవారు. పెద్ద తెర మీద కర్మాగారం, కార్మికులు, మధ్యన ఆయన అంతా కలిసి ఒక దృశ్యం. అదే ఫొటోను ఫోను వెడల్పుకు కుదిస్తే ఒబామా ఎక్కడున్నారో వెతుక్కోవాలి. అక్కడ ఆయన ముఖం దగ్గరికి కత్తిరించిన బొమ్మే కావాలి. ఆ నిర్ణయం సంపాదకుడిది. బ్రౌజర్ దాన్ని తు.చ. తప్పకుండా పాటించాలి. ఇందుకు పిక్చర్ కావాలి. కత్తిరింపు ఏమీ లేకుండా ఒకే బొమ్మకు నాలుగు కొలతలున్నప్పుడు మాత్రం ఏది దింపాలో పేజీ రాసినవాడికి తెలియదు. చూసేవాళ్ల తెర సాంద్రత, నెట్ వేగం, ఇంతకుముందే దిగి ఉన్న ఫైళ్లు, ఇవన్నీ తెలిసింది బ్రౌజర్‌కే. అక్కడ ఆజ్ఞ పనికిరాదు, వివరం ఇచ్చి ఊరుకోవాలి. సోర్స్‌సెట్ వెనక ఉన్న ఆలోచన అది. నా దృష్టిలో ఈ కథ మొత్తానికీ ఆయువుపట్టు ఈ పంపకంలోనే ఉంది: ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పాలి, ఎవరికి తెలిసినచోట వాళ్లు తేల్చాలి.

ఆ పంపకం కుదరడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. అడ్డుపడిన ముడి ఇది: ప్రీలోడర్ అభ్యర్థన పంపే క్షణానికి పేజీ అమరిక ఇంకా లెక్కకట్టలేదు. తెర వెడల్పు తెలుసు. ఆ తెరలో ఈ బొమ్మ సగం ఆక్రమిస్తుందా, పావు వంతా అన్నది తెలియదు. అది తేలేదాకా ఆగితే వేగం పోతుంది. ఆగకపోతే ఏ బొమ్మ అడగాలో తెలియదు.

2013లో గూగుల్‌కు చెందిన ట్యాబ్ ఆట్కిన్స్ ‘సోర్స్-ఎన్’ అనే మూడో ప్రతిపాదన తెచ్చారు. సోర్స్-1, సోర్స్-2 అంటూ ఎన్ని కావాలంటే అన్ని వరుసలు. చూడటానికి బాగా లేదని, ఒకే ట్యాగ్‌కు అంతులేని వరుసలేమిటని సఫారీ లోపల నడిచే వెబ్‌కిట్ ఇంజనీర్లు కాదన్నారు. ఆ ప్రతిపాదన పోయింది గానీ అందులోని ఒక ఊహ బతికింది. బొమ్మ ఎంత వెడల్పున కనబడబోతోందో పేజీ రాసేవాడే ముందుగా ఒక మాట చెప్పేస్తే, ప్రీలోడర్ అమరిక కోసం ఆగనక్కరలేదు. అదే ‘సైజెస్’ అయింది. సోర్స్‌సెట్‌లో రాసే వెడల్పు అంకె అర్థం కూడా మారింది. మొదట అది తెర వెడల్పుకు హద్దు, చాలామందిని తికమకపెట్టింది. ఇప్పుడది ఫైలు అసలు వెడల్పు. పిక్చర్ కూడా తిరిగొచ్చింది, తగ్గి వచ్చింది. పాత నమూనాలో పిక్చర్ తానే బొమ్మ చూపేది. కొత్తదాంట్లో చూపే పని లోపలున్న పాత ఐఎంజీదే, ఏ ఫైలు అన్నది మాత్రం పిక్చర్ చెబుతుంది. ఈ ఒక్క మార్పుతో బ్రౌజర్ ఇంజనీర్ల భయాలు చాలావరకు తీరాయి. ట్యాబ్ ఆట్కిన్స్, మార్క్విస్, మోజిల్లాకు చెందిన మార్కోస్ కాసెరెస్, ఒపెరాకు చెందిన సైమన్ పీటర్స్ కలిసి దీన్ని కాగితం మీదికి తెచ్చారు.

ఇది ఎలా నడుస్తుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. ఒక ఫొటోకు 400, 800, 1600 పిక్సెళ్ల వెడల్పున మూడు ఫైళ్లు చేసి సోర్స్‌సెట్‌లో పెట్టాం. సైజెస్‌లో, తెర 600 దాటితే బొమ్మ సగం తెర, లేదంటే పూర్తి తెర అని రాశాం. 360 వెడల్పు, రెట్టింపు సాంద్రత ఉన్న ఫోను వచ్చింది. పూర్తి తెర కాబట్టి 360, సాంద్రత రెండు కాబట్టి 720 కావాలి. 800 ఫైలు అడుగుతుంది. 1280 వెడల్పు ఉన్న మామూలు ల్యాప్‌టాప్ వచ్చింది. సగం తెర అంటే 640; అదీ 800 ఫైలే అడుగుతుంది. అరచేతిలో ఫోనుకూ బల్ల మీది కంప్యూటర్‌కూ ఒకే ఫైలు! అదే ఫోను మూడింతల సాంద్రతదైతే 1080 కావాలి, 1600 ఫైలు దిగుతుంది. ఫోనంటే చిన్న బొమ్మ, కంప్యూటరంటే పెద్ద బొమ్మ అన్న మామూలు లెక్క ఎంత తప్పో ఈ మూడు అంకెలు చాలు చెప్పడానికి. పైగా బ్రౌజర్ ఈ లెక్కకు కట్టుబడి ఉండాలన్న నియమమూ లేదు. 1600 ఫైలు ఇదివరకే దిగి ఉంటే దాన్నే వాడుకోవచ్చు. నెట్ నెమ్మదిగా ఉంటే చిన్నదానితో సరిపెట్టవచ్చు. ప్రమాణం ఆ స్వేచ్ఛ కావాలనే ఇచ్చింది.

కాగితం మీద కుదిరింది సరే, బ్రౌజర్‌లో రాసేదెవరు? ఇక్కడ యోవ్ వైస్ గురించి చెప్పాలి. ఫ్రాన్స్‌లో ఉండి సొంతంగా పనులు చేసుకునే డెవలపర్ ఆయన. అప్పటికి ఏ బ్రౌజర్ కంపెనీ ఉద్యోగీ కాదు. క్రోమ్ లోపల నడిచే బ్లింక్ ఇంజిన్‌లో పిక్చర్‌ను రాయడానికి పూనుకున్నారు. బతుకుతెరువు పనులు మానుకుని ఎన్నాళ్లని రాస్తారు? 2014లో ఇండీగోగో అనే చందాల సైటు ద్వారా చందా అడిగారు, పదివేల డాలర్లు లక్ష్యంగా. ఎక్కడెక్కడి వెబ్ డెవలపర్లో తలా కాస్త వేశారు, లక్ష్యం దాటింది. ఒక మహా బ్రౌజర్‌లో కొత్త సదుపాయాన్ని దాన్ని వాడుకునేవాళ్లే చందాలేసుకుని రాయించుకోవడం! ఆ ఏడాది అక్టోబరులో క్రోమ్ 38లో పిక్చర్ వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లో 2015 మేలో, సఫారీలో 2016 మార్చిలో. అప్పటిదాకా పాత బ్రౌజర్లను స్కాట్ జెల్ రాసిన ‘పిక్చర్‌ఫిల్’ స్క్రిప్టు నెట్టుకొచ్చింది.

ఎక్కువమందికి మేలు చేసింది మాత్రం సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో 2015 డిసెంబరులో వచ్చిన 4.4. ఫొటో ఎక్కించగానే పలు కొలతల్లో ఫైళ్లు చేసుకోవడం దానికి ముందే అలవాటు. ఆ ఫైళ్లను సోర్స్‌సెట్‌లో తానే పెట్టడం ఇప్పుడు మొదలెట్టింది. సైజెస్ అంటే ఏమిటో తెలియని లక్షల సైట్లవాళ్ల పేజీలు ఒక్క అప్‌డేట్‌తో బరువు తగ్గాయి.

సాగే బొమ్మలు తెచ్చిన ఇంకో తలనొప్పి ఉంది. ఫోనులో వార్త చదువుతుంటే ఉన్నట్టుండి పైన బొమ్మ ఊడిపడి, చదివే వాక్యం కిందికి జారిపోయేది. పాత రోజుల్లో ఐఎంజీలో వెడల్పు, ఎత్తు రాసేవారు కాబట్టి బ్రౌజర్ ముందే ఖాళీ వదిలేది. రెస్పాన్సివ్ పద్ధతిలో ఎత్తు దానంతట అదే తేలాలి కాబట్టి ఆ అంకెలు వృథా అయ్యాయి, రాయడమే మానేశారు. 16:9 బొమ్మ అయితే దాని పెట్టెకు పైన వెడల్పులో 56.25 శాతం ఖాళీ పెట్టి, బొమ్మను అందులో ఇరికించే చిట్కాతో ఏళ్ల తరబడి కాలక్షేపం చేశారు. అప్పట్లో మోజిల్లాలో ఉన్న జెన్ సిమన్స్ దీనికి సులువైన దారి కోసం పట్టుబట్టారు: ఆ రెండు అంకెల్ని కొలతలుగా కాక నిష్పత్తిగా తీసుకుంటే సరి. 2019 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 71, క్రోమ్ 79 అలా తీసుకోవడం మొదలుపెట్టాయి. మొదటి నుంచీ కళ్లముందున్న అంకెలే అవి.

ఇక కనబడని బొమ్మల సంగతి. పేజీ అడుగున ఉన్న ఇరవయ్యో ఫొటోను పాఠకుడు అక్కడిదాకా రాకముందే దింపడం దేనికి? మికా టూపోలా అనే డెవలపర్ 2007లోనే దీనికి జేక్వెరీ అనే స్క్రిప్టు లైబ్రరీతో నడిచే ఒక ప్లగిన్ రాశారు. తర్వాత అలాంటివి కుప్పలుగా వచ్చాయి. 2019 జూలైలో క్రోమ్ 76 దీన్ని ఐఎంజీలోనే ఒక మాటగా ఇచ్చింది: ‘లేజీ’ అని రాస్తే దగ్గరికి వచ్చేదాకా దింపదు. ఫైర్‌ఫాక్స్‌లో 2020లో, సఫారీలో 2022లో వచ్చింది. వర్డ్‌ప్రెస్ 2020 ఆగస్టులో దీన్ని బొమ్మలన్నిటికీ తగిలించేసింది. అన్నిటికీ అంటే పేజీ తెరవగానే కనబడాల్సిన మొదటి బొమ్మకు కూడా. అది ఆలస్యంగా వచ్చి, పేజీలు నెమ్మదించాయి. 2022 జనవరిలో వచ్చిన 5.9లో మొదటి బొమ్మను దీన్నుంచి తప్పించారు. సొంతంగా సైట్లు కట్టేవాళ్లు ఇప్పటికీ ఇదే పొరపాటు చేస్తుంటారు. బొమ్మలన్నిటికీ లేజీ అని ఒకే దెబ్బతో రాసేస్తారు. పైన ఉన్నదాన్ని వదిలేయండి.

ఈ లేజీ వల్ల ఎవరూ మొదట ఊహించని మేలు ఒకటి జరిగింది. సైజెస్ పుట్టిందే ప్రీలోడర్‌కు అమరిక తెలియదు కాబట్టి. లేజీ బొమ్మను ప్రీలోడర్ ముందే తెచ్చిపెట్టదు. అమరిక పూర్తయి, బొమ్మ దగ్గరపడ్డాకే అభ్యర్థన వెళుతుంది. అప్పటికి గడి వెడల్పు బ్రౌజర్‌కు పిక్సెల్‌తో సహా తెలుసు. మరి పేజీ రాసేవాడు ఇంకా చెప్పడం దేనికి? 2024లో క్రోమ్ 126 ‘సైజెస్’ దగ్గర ‘ఆటో’ అని రాస్తే చాలంది. అదే ఏడాది నవంబరులో వర్డ్‌ప్రెస్ 6.7 దాన్ని అందుకుంది. ఏడాదిన్నర తగాదాతో విప్పిన ముడి, పేజీలోని చాలా బొమ్మలకు ఇక లేనే లేదు. పేజీ తలభాగాన వెంటనే కనబడే ఆ మొదటి ఫొటోకు మాత్రం సైజెస్ ఇప్పటికీ చేత్తోనే రాయాలి, తెర ఎంత ఉంటే అది ఎంత మేర పరుచుకుంటుందో లెక్కగట్టుకుని.